సత్తు పళ్ళెం

నెల్లిమర్ల,
జూలై, ఆదివారం ఆరాధన అయ్యాక.

గున్నమ్మకు,

ప్రభువు నామంలో వందనాలు. ఇది చదవగానే "మొదలెట్టేసింది నర్సమ్మ" అంటావని తెలుసు. అనుకో.

ముందు నీకు కావలసిన కబురు. మీ సరంగు దొరికాడు.

విమానాశ్రయం కోసం మీ పాత ఊరు ఖాళీ అయ్యాక అక్కడ గోడలూ పిల్లులే మిగిలాయని చేపల లక్ష్మణమ్మ చెప్పింది కదా. పోయిన వారం మా మేనల్లుడు శాంతికుమార్ ఆటోలో వెళ్ళాను. మనుషులు సామాను ట్రాక్టరుకి ఎక్కించుకుని కొత్త కాలనీకి పోయారు గానీ, పిల్లికి మనిషి కన్నా ఇల్లు ముఖ్యం. మీవాడు ట్రాక్టరు మీంచి దూకి వెనక్కి పరిగెత్తాడని నువ్వు అంత ఏడ్చావా, వాడు ఎక్కడికీ పోలేదు. సగం కూలిన మీ వంటింటి గోడ మీద, బావ పడవ ముక్కు మీద కూర్చున్నట్టే దర్జాగా కూర్చున్నాడు. తువ్వాలు వేసి పట్టుకున్నాను. నా చేతుల మీద వాడు చేసిన సంతకాలు చూస్తే జాలిపడతావు.

వాడితో పాటు ఇంకొన్ని తెచ్చాను. చిక్కి శల్యమైన ముసలిది, దానికి రాణి అని పేరు పెట్టాను. ఒళ్ళంతా నలుపు, మెడ కింద మాత్రం తెల్ల పట్టీ ఉన్నవాడు పాస్టరు. (మా పాస్టర్ రాబర్ట్ గారికి చెప్పకు.) ఒక పసికూన అమ్మడు. ముందే ఉన్నవాటితో కలిపితే ఇప్పుడు నా ఇంట్లో నాకే చోటు లేదు.

అందరికీ తిండి ఒకే పళ్ళెంలో. మన మిషన్ బోర్డింగు బడికి నువ్వు పళ్ళెం లేకుండా వస్తే, మనిద్దరం కలిసి తిన్నామే, మా అమ్మ సత్తు పళ్ళెం, అదే. ఒక కంచంలో పొత్తు తిన్నవాళ్ళు కొట్టుకోరని అమ్మ అనేది. నిజమే. మొదటి రోజు గుర్రుమన్నవాళ్ళు ఇప్పుడు ఒకరి మొహం ఒకరు నాకుతున్నారు.

మీ కొత్త ఇంటికి తలుపులు పడేదాకా సరంగుని నా దగ్గరే ఉండనీ. తలుపుల్లేని ఇంట్లో దింపితే మళ్ళీ పాత ఊరికే నడిచిపోతాడు, దారిపొడవునా లారీలు. బావకి నచ్చచెప్పు.

ఈ ఉత్తరం లక్ష్మణమ్మ బుట్టలో వస్తుంది. జవాబు కూడా అందులోనే పంపు. ఫోనులో నువ్వు అరుస్తావు, నేను విన్నట్టు నటిస్తాను. కాగితమే మేలు.

నీ గ్లోరీ


భోగాపురం దగ్గర కాలనీ,
ఆగస్టు.

ఒసే నర్సమ్మా,

నీ వందనాలు అందాయి. నీ ఉత్తరానికి చేపల వాసన పట్టింది, నా జవాబుకి ఇంకా ఎక్కువ పడుతుంది. నీ పిల్లులు కాగితం నాకేలోపు చదువుకో.

మీ బావకి చదువు రాదు కదా, నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు. గోడ మీద కూర్చున్న ముక్క దగ్గరికి వచ్చేసరికి "మళ్ళీ సదువు" అంటాడు. తర్వాత తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఆడికి ఏటి పెడతందో అడుగు. కవళ్ళ సేపలు పెట్టమను. తల తియ్యకుండా పెట్టమను" అన్నాడు. నేను అత్తారింటికి వచ్చిన కొత్తలో ఏం తింటున్నానో ఒక్కనాడు అడగలేదు ఈ మనిషి.

ఇక్కడ ఇళ్ళు బాగానే ఉన్నాయి. కుళాయి ఉంది, కరెంటు ఉంది. సముద్రం హోరే వినబడదు. ఆయన పొద్దున్నే డాబా ఎక్కి గాలి ఎటు ఉందో చూసుకుని, రేవుకి ఆటోలో పోతున్నాడు. వలలు మోసేవాడు ఆటోలో వస్తున్నాడని రేవులో అందరూ ఆటపట్టిస్తున్నారట. సరంగు ఉన్నప్పుడు వాడే ముందు నడిచేవాడు, ఈయన వెనకాల. ఇప్పుడు ముందు ఎవరూ లేరు. పైకి అనడు గానీ, ఇల్లు మారినందుకు కన్నా వాడు లేనందుకే ఆయనకి బెంగ. సాయంత్రం వచ్చాక రోజూ ఒకటే మాట: "తలుపులోడు వచ్చేడా?"

ఇంకో కబురు. ఎవరిదో పిల్లి మా వలల కుప్ప మీద పిల్లల్ని పెట్టింది. నుదుట మచ్చ ఉందని చుక్కి అంటున్నాను. "సరంగుకి సంబందం కుదిరింది" అని మీ బావ నవ్వాడు. ఇక్కడికి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. దసరాకి తలుపులు పడతాయట. అప్పుడు వచ్చి మావాడిని తీసుకుపోతాం.

బుట్ట అడుగున నెత్తళ్ళ చేపలు పెట్టాను. అవి నీకు. పిల్లులకి పెట్టి నువ్వు పచ్చడి మెతుకులు తిన్నావని తెలిసిందో, వచ్చి తంతాను.

గున్నమ్మ


నెల్లిమర్ల,
సెప్టెంబరు.

గున్నమ్మకు,

వందనాలు. నెత్తళ్ళు నేనే తిన్నాను, ఒట్టు.

రాణికి బాగాలేదు. తిండి మానేసింది. నోరు తెరిచి చూస్తే చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆసుపత్రిలో రక్తం లేని బాలింతలను చూసి చూసి ఆ తెలుపు నాకు బాగా తెలుసు. విజయనగరంలో పశువుల డాక్టరు కుమారిగారి దగ్గరికి తీసుకెళ్ళాను. రక్తం బొట్టు తీసి, కరోనా పరీక్షకి వాడినలాంటి పట్టీ మీద వేసింది. రెండో గీత వచ్చింది.

పిల్లుల లుకేమియా అట. ఒకరకం వైరస్. ఒంట్లో చేరి రక్తాన్నీ, రోగాన్ని ఎదిరించే శక్తినీ తినేస్తుంది. మనుషులకి రాదు, కుక్కలకి రాదు, ఆ భయం లేదు. పిల్లి నుంచి పిల్లికి వస్తుంది, ఎంగిలితో. నాకుడుతో, కాటుతో, ఒకే గిన్నెలో తినడంతో.

ఆ చివరి మాట వినగానే మా అమ్మ పళ్ళెం గుర్తొచ్చింది.

కరోనా తగ్గాక మా సంఘంలో ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం తాగే ఒకే గిన్నె తీసేసి, మనిషికొక చిన్న గ్లాసు పెట్టారు. నేను రాబర్ట్ గారితో పోట్లాడాను. ఒకే గిన్నెలో తాగకపోతే అది సహవాసం ఎలా అవుతుందని అడిగాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ చేతులు కడుక్కోమని లోకాన్నంతా సతాయించినదాన్ని, గుడిలో ఆ మాట అన్నాను. ఇంట్లోనూ అదే చేశాను. రోగాన్ని పళ్ళెంలో పెట్టి అందరికీ వడ్డించాను.

ఇప్పుడు ఎవరి గిన్నె వాళ్ళది. పళ్ళెం కడిగి, బోర్లించి అటక మీద పెట్టాను. అందరికీ పరీక్ష చేయించాను. పాస్టరుకి ఉంది, అమ్మడుకి ఉంది. ముందునుంచీ ఉన్నవాళ్ళు దేవుడి దయవల్ల బాగున్నారు. మిగతా సంగతులు తర్వాత రాస్తాను. రాణికి మందు వేసే వేళయింది.

గ్లోరీ


కాలనీ,
సెప్టెంబరు చివర.

గ్లోరీ,

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ నన్నెవరూ చూడలేదనుకుంటుందట. పిల్లులతో ఉండి ఉండి నువ్వూ అలాగే తయారయ్యావు.

నీ ఉత్తరంలో రాణి ఉంది, పాస్టరు ఉన్నాడు, అమ్మడు ఉంది, రాబర్ట్ గారు కూడా ఉన్నారు. సరంగు ఏడే? నేను బోర్డింగు మధ్యలో మానేసినదాన్నే గానీ, ఉన్నది చదవడమే కాదు, లేనిది చదవడం కూడా వచ్చు.

మీ బావ గుమ్మంలో కూర్చుని వింటున్నాడు. తలుపులు పడ్డాయి, కొత్త తలుపు పట్టుకుని మరీ కూర్చున్నాడు. "మరి ఆడి గురించి ఏటి రాసింది?" అన్నాడు. కాగితం పట్టుకుని, "సరంగు బాగున్నాడు, కవళ్ళు తల తియ్యకుండానే తింటున్నాడు, బావని అడిగానని చెప్పు" అని చదివేశాను. నువ్వు రాయనిది నేను చదివాను. ఇలాంటి పని నాచేత మళ్ళీ చేయించకు.

ఉన్నది ఉన్నట్టు రాయి. మంచో చెడో, నా మొహం మీద చెప్పు.

గున్నమ్మ


నెల్లిమర్ల,
అక్టోబరు.

గున్నమ్మా,

సరంగుకీ ఉంది.

ఆ గీత చూసినప్పటి నుంచి నీకు ఎలా రాయాలో తెలియక కాగితాలు చింపుతున్నాను. మీ ఊళ్ళో గోడ మీద కూర్చున్నవాణ్ణి కాపాడానని గొప్పలు పోయాను. తెచ్చి నా పళ్ళెం దగ్గర కూర్చోబెట్టాను. అక్కడే వదిలేసి ఉంటే బాగుండేదేమో అని కూడా అనిపించింది. నన్ను తిట్టు. నువ్వు తిడితే నాకు కొంచెం నయంగా ఉంటుంది.

డాక్టరు కుమారిగారు మాత్రం, "ఎవరినించి ఎవరికొచ్చిందో ఎవలూ సెప్పలేరమ్మా. పాత ఊళ్ళోనే ఉందేమో. మీరలా ఏడిస్తే పిల్లులకి మందెవరు ఏస్తారు?" అని కసిరింది. కొన్ని పిల్లులు తమంతట తామే పోరాడి బయటపడతాయట. కొన్నిటికి ఒంట్లోనే ఉండిపోతుంది. అందుకని క్రిస్మస్ నెలలో మళ్ళీ పరీక్ష చేస్తానంది. రెండోసారి కూడా గీత వస్తే ఇక అంతే. అలా మోస్తూ కూడా కొన్నేళ్ళు హాయిగా బతకొచ్చు, కొన్ని నెలలే బతకొచ్చు.

ఇల్లు రెండు ముక్కలు చేశాను. ముందుగది జబ్బువాళ్ళది, వెనక రెండు గదులూ బాగున్నవాళ్ళవి. వెనకవాళ్ళకి పెట్టాకే ముందుగదిలోకి వెళతాను. ఈ గదికో జత చెప్పులు, ఆ గదికో జత. మళ్ళీ వార్డులో డ్యూటీ చేస్తున్నట్టే ఉంది, జీతం ఒక్కటే లేదు. సరంగు ఇప్పటికి బాగానే ఉన్నాడు. రాణి పక్కనే పడుకుంటాడు, దాన్ని నిద్రపుచ్చుతున్నట్టు నాకుతాడు.

ఒక్క మాట బతిమాలి చెబుతున్నాను. దసరా అయింది, తలుపులు పడ్డాయి, అయినా వాడి కోసం రావద్దు. మీ ఇంట్లో చుక్కి ఉంది, పిల్లలున్నాయి. వాడు వస్తే వాటికీ అంటుకుంటుంది. బావకి ఏం చెబుతావో నీ ఇష్టం.

గ్లోరీ


కాలనీ,
నాగుల చవితి వెళ్ళాక.

ఒసే పిచ్చిదానా,

తిట్టమన్నావు కదా, తిడుతున్నాను. నీకు బుద్ధి లేదు. పడవ ఎక్కినవాళ్ళందరూ ఒకే కుండలో వండుకుని, ఒకే చోట చేతులు పెట్టి తింటారు. ఒకడికి జ్వరం తగిలితే కుండనెవరైనా తిడతారా? నువ్వు పెట్టింది తిండి, విషం కాదు. ఆకలితో గోడ మీద ఉన్నవాడికి అన్నం పెట్టినదాన్ని నేను తిట్టలేను. తిట్టడం అయిపోయింది.

మీ బావకి ఏం చెప్పాలా అని నేను కిందా మీదా పడుతుంటే, ఆయనకి ముందే తెలుసు. "ఆరోజు నువ్వు సదివినంత కాయితంలో లేదే. సివరి ముక్కకి నీ కళ్ళు గోడ మీదున్నాయి" అన్నాడు. అన్ని రోజులూ నోరు విప్పలేదు. నేను బాధపడతానని ఊరుకున్నాడట. అప్పుడు నీ ఉత్తరం అంతా, ఒక్క ముక్క వదలకుండా చదివాను. విని బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి వరండాలో కూర్చుని వల అల్లడం మొదలుపెట్టాడు. రేవులో వాళ్ళు వచ్చి ఇంత సన్న కన్ను వల ఏం చేపకని అడిగితే, "ఇది సేపకి కాదు" అన్నాడట. చూస్తే వరండా చుట్టూ, కింది నుంచి కప్పుదాకా వల బిగిస్తున్నాడు. ఎక్కడా పిల్లి తల పట్టే సందు లేదు. మూల మూలకీ పడవ ముడి. అయ్యాక నన్ను కూర్చోబెట్టి రాయమన్నాడు. ఆయన మాటలే రాస్తున్నాను:

"గ్లోరీకి రాయి. సుక్కినీ దాని పిల్లల్నీ డాక్టరుకి సూపించి తనింటికి తీసుకుపొమ్మను. సరంగునీ, ఆ జబ్బున్నోళ్ళనీ మాకిచ్చేయమను. ఒక ఇంటిని రెండు ముక్కలు సేసుకుని సెప్పులు మార్సుకుంటా తిరగడమెందుకు? మనకి రెండిళ్ళున్నాయి కదా. మంచోళ్ళు అక్కడ, జబ్బోళ్ళు ఇక్కడ."

"ఎన్నాళ్ళు ఉంటాడో తెలీదట కదా" అన్నాను నేను.

"సంద్రం మీదకెళ్ళేవోడికి ఎన్నాళ్ళో ఎవడు రాసిచ్చేడు? ఉన్నన్నాళ్ళు మనింట్లో ఉంటాడు" అన్నాడు.

జబ్బువాళ్ళని చూసుకోవడం మాకు రాదు. ఏం పెట్టాలో, ఏం చూడాలో వివరంగా రాయి.

గున్నమ్మ


నెల్లిమర్ల,
డిసెంబరు.

గున్నమ్మా, బావా,

వందనాలు.

రాణి పోయింది. సరంగు పక్కనే, ఎండలో పడుకుని పోయింది. సన్నజాజి పాదు దగ్గర పాతిపెట్టాం. రాబర్ట్ గారు అటుగా వచ్చి, అడక్కుండానే చిన్న ప్రార్థన చేశారు. గ్లాసుల గొడవలో అన్న మాటలకి ఆయన దగ్గర క్షమాపణ అడిగాను. "నా పేరు పెట్టారట కదా ఒకడికి, ఆడెలా ఉన్నాడు?" అన్నారు. ఎవరు చెప్పారో తెలియదు. నువ్వే అయి ఉంటావు.

రెండో పరీక్ష అయింది. అమ్మడుకి గీత రాలేదు! డాక్టరు ఇంకో రకం పరీక్ష కూడా చేసి, బయటపడిందనే చెప్పింది. గుప్పెడంత లేదు, అంత రోగాన్ని నెట్టేసింది. పాస్టరుకి వచ్చింది. సరంగుకీ వచ్చింది. వాడు బయటపడాలని నేను ఎంత మొక్కుకున్నానో నీకు చెప్పలేను. అయినా వాడి చిగుళ్ళు ఎర్రగానే ఉన్నాయి, తిండి తింటున్నాడు.

బావ మాట డాక్టరుకి చెప్పాను. "మా కన్నా ఆయనే బాగా ఆలోసించేడు" అంది. మొన్న శాంతికుమార్ తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తే చుక్కికీ, పిల్లలకీ జబ్బు లేదని తేలింది కాబట్టి శనివారం వాడి ఆటోలో వస్తాం. సరంగునీ, పాస్టరునీ దింపి చుక్కివాళ్ళని ఎక్కించుకుంటాం.

జాగ్రత్తలు ఇవి. వల దాటి బయటికి పోనివ్వకండి, ఇంకో పిల్లిని లోపలికి రానివ్వకండి. చిగుళ్ళు చూస్తూ ఉండండి, పాలిపోతే నాకు ఫోను చేయండి, ఉత్తరం రాస్తూ కూర్చోకండి. ముఖ్యమైనది బావకి: పచ్చి చేప పెట్టొద్దు. వాళ్ళ ఒంట్లో ఎదిరించే శక్తి తక్కువ. ఉడకబెట్టి, ముళ్ళు తీసి పెట్టాలి.

ముందుగది అప్పుడే ఖాళీ అయినట్టుంది. వాళ్ళని పంపుతున్నందుకు ఏడుపొస్తోంది, పంపుతున్నది మీ దగ్గరికని సంతోషంగానూ ఉంది.

మీ గ్లోరీ


కాలనీ,
క్రిస్మస్ ముందు.

నర్సమ్మా,

నువ్వు ఆటో ఎక్కి ఇటు తిరిగి చూడకుండా వెళ్ళిపోయావు. ఎందుకో నాకు తెలుసులే.

సరంగు బుట్టలోంచి దిగి వరండా అంతా మూల మూలా వాసన చూశాడు. మంచం కింద దూరి చాలాసేపు రాలేదు. మీ బావ పిలవలేదు. పాత వల ఒకటి తెచ్చి నేల మీద పరుచుకుని, బాగు చేస్తున్నట్టు దాని పక్కన కూర్చున్నాడు. సరంగు మెల్లగా వచ్చి, వల మీదకి ఎక్కి, మూడు చుట్లు తిరిగి పడుకున్నాడు. ఈయన కళ్ళల్లో నీళ్ళు. "ఉప్పు గాలి" అన్నాడు. ఈ కాలనీలో ఉప్పు గాలి ఎక్కడుందే?

ఉడకబెట్టిన చేప సంగతి చెబితే కోప్పడ్డాడు. "పిల్లికి ఉడకబెట్టిన సేపేటి! ఊళ్ళో వింటే నవ్వుతారు" అన్నాడు. ఇప్పుడు తనే పొయ్యి దగ్గర కూర్చుని ముళ్ళు ఏరుతున్నాడు. నాకు పెట్టే కూరలో మాత్రం ముళ్ళు అలాగే ఉంటాయి. పాస్టరుని అగౌరవంగా పిలవడానికి ఆయనకి నోరు రాదు, "పాస్టరుగారూ, రండి, తిందురు గాని" అంటున్నాడు. మా ఇంటికి రోజూ పాస్టరు వస్తున్నాడని కాలనీలో అనుకుంటున్నారు.

ఒకటి అడగాలి. నువ్వు చెప్పినట్టే ఇద్దరికీ వేరు వేరు గిన్నెలు పెడుతున్నాను. వాళ్ళు తినడం లేదు. సరంగు తన గిన్నె వదిలేసి పాస్టరు గిన్నె దగ్గరికి పోతాడు, పాస్టరు వీడి గిన్నె దగ్గరికి వస్తాడు, మధ్యలో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మీ బావ అన్నాడు: "ఇద్దరికీ ఉన్నది ఒకటే జబ్బు కదా. ఇంకెవులికి అంటుకుంటాదని ఏరు పెట్టడం?" డాక్టరుని అడిగి రాయి. వీళ్ళు పొత్తు తినొచ్చా?

గున్నమ్మ


నెల్లిమర్ల,
క్రిస్మస్ మర్నాడు.

గున్నమ్మా,

డాక్టరుని అడిగాను. తినొచ్చునంది. ఇద్దరిలో ఎవరికైనా జలుబు చేసినా, నోరు పూసినా అప్పుడు మాత్రం వేరు పెట్టమంది. మామూలు రోజుల్లో తినొచ్చు.

ఇంత చిన్న సంగతి నాకు తోచలేదు చూడు. ఆ గీత చూసిన రోజు నుంచి కలిపి పెట్టడమంటేనే భయం పట్టుకుంది నాకు. ముందుగదిలో ఉన్నన్నాళ్ళూ వాళ్ళకి అనవసరంగా వేరు గిన్నెలు పెట్టాను. బావకి నా తరఫున చెప్పు, ఆయన అడిగిన మాటకి నిన్న చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నానని.

ఇక్కడ చుక్కి వెనక గదికి మహారాణి అయింది. దాని పిల్లలతో కలిసి అమ్మడు నా క్రిస్మస్ నక్షత్రం చింపేసింది. మీ ఉత్తరం రాగానే అందరూ దాని చుట్టూ చేరారు. కవరు మీద కవళ్ళ వాసనే కాదు, సరంగు వెంట్రుక కూడా ఒకటి అంటుకుని ఉంది. దాన్ని తీసి నా బైబిల్లో పెట్టుకున్నాను. నవ్వకు.

అటక మీంచి పళ్ళెం దించాను. చింతపండుతో తోమి, మరిగే నీళ్ళు పోసి, ఎండలో పెట్టాను. అంచు మీద సొట్ట అలాగే ఉంది. బోర్డింగులో పెద్ద ముక్క కోసం నువ్వు లాగితే, నేను లాగితే, కింద పడి పడిన సొట్ట. ఇద్దరికి సరిపోయే పళ్ళెం అది. లక్ష్మణమ్మ బుట్టలో పంపుతున్నాను. ఖాళీ పళ్ళెం పంపకూడదని అమ్మ అనేది కాబట్టి అరిసెలు పెట్టాను.

అరిసెలు నీకూ బావకీ. పళ్ళెం వాళ్ళిద్దరికీ. నూనె లేకుండా కడిగి పెట్టు.

నీతో పొత్తు తిన్న,
గ్లోరీ